సెల్ఫ్ కొట్టే ముందు చెవి పెట్టు

చిరంజీవి కిరణ్‌కి,

నీ పాత శాంత్రో కారు స్టార్ట్ అవట్లేదని, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పోయాయని ఎవరో అంటే టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. రాణీగంజ్ వెళ్లి కొత్తవి మాత్రం కొనెయ్యకు అల్లుడూ. నాలుగు ఇంజెక్టర్లూ రాత్రికి రాత్రే పాడవడం చాలా అరుదు. నిన్నటిదాకా తిరిగిన బండి పొద్దున లేవలేదంటే, ఎక్కువగా వాటికి పెట్రోలో కరెంటో అందట్లేదన్నమాట. ఏది అందట్లేదో తేలేదాకా పర్సు తీయకు.

ముందు బ్యాటరీ చూడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి 10 వోల్టులకి బాగా కిందికి పడిపోతుంటే, ఇంజిన్ తిరిగినా ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, సరిగ్గా పనిచెయ్యదు. ఛార్జింగ్ పెట్టించాకే మిగతా సంగతి.

తర్వాత చెవి పెట్టు. గల్లీలో హారన్ల మోత మొదలవకముందే, ఏసీ ఫ్యాను, పాటలు ఆపేసి, వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టు. తాళం ఆన్‌కి తిప్పు, సెల్ఫ్ కొట్టకు. సీటు కింద పెట్రోలు పంపు మోటారు రెండు సెకన్లు సన్నగా ‘జుయ్’మని ఆగిపోవాలి. ఆగిందని కంగారుపడకు. ఇంజిన్ తిరగనప్పుడు పెట్రోలు పోకుండా ఈసీఎమ్మే దాన్ని ఆపుతుంది.

ఆ చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూడు. అది బాగుంటే పంపు రిలే (దానికి కరెంటు కలిపే స్విచ్చు) తీసి, అదే నంబరున్న హారన్ రిలే పెట్టి చూడు. అప్పటికీ పలక్కపోతే పంపుకి వైర్లు తగిలించే కప్లర్ దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టించు. తాళం తిప్పగానే రెండు సెకన్లు వెలిగితే కరెంటు వస్తోంది, పోయింది మోటారో దాని ఎర్త్ వైరో. వెలగకపోతే వైరింగ్ వెతకాలి. మీ సెల్లార్‌లో ఎలుకలుంటే ముందు అవి కొరికిన చోట్లు చూడమను.

చప్పుడు వస్తున్నా బండి లేవకపోతే, కాసేపు సెల్ఫ్ కొట్టి ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి చూడు. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే ఇంధనం అందుతున్నట్టే, స్పార్క్ సంగతి చూడాలి. ప్లగ్గులు ఆరబెట్టి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఓసారి సెల్ఫ్ కొట్టు. చాలా ఇంజెక్షన్ బళ్లలో అలా తొక్కితే ఇంజెక్టర్లు ఆగి, లోపల మిగిలిన పెట్రోలు ఆరిపోతుంది. ప్లగ్గు పొడిగా ఉండి స్పార్క్ కూడా లేకపోతే నా అనుమానం క్రాంక్ సెన్సర్ మీద. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎమ్‌కి చెప్పేది అదే. అది చెప్పకపోతే పెట్రోలు, స్పార్క్ రెండూ ఆగిపోతాయి. స్పార్క్ ఉండి ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు ఫిల్టరు, పెట్రోలు ప్రెషరు చూడాలి. సుమారు 3 బార్ రావాలి. ఆ గేజీ షెడ్డులో ఉంటుంది. ఇంజెక్టర్ల వంతు ఆ తర్వాతే.

పెట్రోలు పైపు మాత్రం నువ్వు విప్పకు. లోపల ప్రెషర్ నిలిచి ఉంటుంది, వేడి ఇంజిన్ మీద చిమ్మితే మంటే. స్పార్క్ కూడా మెకానిక్కే చూస్తాడు. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు దాటనివ్వకు. తోయించి స్టార్ట్ చెయ్యొద్దు, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చెడిపోతుంది. వానకి టోలిచౌకి నీళ్లలో ఆగిన బండైతే అసలు తాళమే తిప్పకు, నీళ్లు సిలిండర్లోకి వెళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ట్యాంకు ఎప్పుడూ రిజర్వులో నడపకు. పంపు మోటారుని చల్లబరిచేది ఆ పెట్రోలే.

రేపు పొద్దున చప్పుడు వచ్చిందా లేదా, ప్లగ్గు తడా పొడా చూసి ఫోన్ చెయ్యి. మెకానిక్‌తో నేనే మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య