ఒక్క పగటిలో జౌగడ, తప్తపాణి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి మా అక్కయ్య కుటుంబం బరంపురం వస్తోంది. పెద్దవాళ్లు ఇద్దరు, బడి పిల్లలు ముగ్గురు. ట్రావెల్స్ వాళ్లు గైడుతో సహా ఒకరోజు ప్యాకేజీ చెప్పారు. అశోకుడి శాసనాల బండ ఉన్న జౌగడ, తారాతారిణి ఆలయం, తప్తపాణి వేడినీటి ఊట, చంద్రగిరి బౌద్ధారామం, చివరికి ఋషికుల్య తీరంలో తాబేళ్లు. ఇవన్నీ ఒక్కరోజులో చూడగలమా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: చూడలేరమ్మా. తిరగడం మాత్రమే అవుతుంది. జౌగడ, తారాతారిణి మన ఊరికి ఉత్తరాన ఋషికుల్య ఒడ్డున ఉన్నాయి. తప్తపాణి పడమట ఘాటు దారిలో సుమారు 50 కిలోమీటర్ల దూరాన ఉంటే, చంద్రగిరి ఇంకా పైకి వెళ్లాలి. తాబేళ్ల తీరం మరో దిక్కున, నది సముద్రంలో కలిసే చోట ఉంది. పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా ఒడ్డెక్కి గుడ్లు పెట్టేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అదీ ఎక్కువగా రాత్రివేళ. సంక్రాంతికి ఆ తీరం చూపిస్తామనడం సరికాదు.

నా సలహా ఏమిటంటే, ఉదయం ఏడింటికల్లా బయలుదేరి జౌగడలో కనీసం రెండు గంటలు ఉండండి. పక్కనే ఉన్న తారాతారిణి కొండకు 999 మెట్లున్నాయి కాని, రోప్‌వే కూడా ఉంది కనుక పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. భోజనం చేసి మధ్యాహ్నం తప్తపాణికి వెళ్లండి. చంద్రగిరిని మరో రోజుకు ఉంచుకోండి.

జౌగడకు అంత సమయం ఎందుకని అడుగుతారేమో. కొన్నేళ్ల క్రితం మా చుట్టాలతో వెళ్లినప్పుడు మా గైడు పావుగంటలో అందరినీ బండి ఎక్కించేశాడు. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, అందుకు అశోకుడు పశ్చాత్తాపపడి ఆ మాటలనే ఈ బండమీద చెక్కించాడని చెప్పాడు. అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాల్లో ఆ మాటలున్నది 13వ దానిలో. జౌగడ బండమీద 1 నుంచి 10 వరకు, తర్వాత 14వ శాసనం మాత్రమే ఉన్నాయి. 11, 12, 13 లేవు. యుద్ధం జరిగిన కళింగంలోనే, అంటే ఇక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ, ఆ యుద్ధ వర్ణన చెక్కించకుండా వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. నా దృష్టిలో ఆ బండ దగ్గర తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇదే. చచ్చిపోయినవారి బిడ్డలు, దెబ్బతిన్న కుటుంబాలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉండి ఉంటారు కదా! వారికి లెక్కలు వినిపించడానికి బదులు, మనుషులందరూ తన బిడ్డలేనని, కారణం లేకుండా ఎవరినీ బంధించవద్దని సమాపా (జౌగడ పాత పేరు) నగరంలోని అధికారులను ఆదేశించాడు. రెండో ప్రత్యేక శాసనంలో, తన ఏలుబడిలోకి రాని సరిహద్దు ప్రజలు తనను చూసి భయపడనక్కరలేదంటాడు. సరిహద్దు జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట చదివిన ప్రతిసారీ మనసు కదులుతుంది. తిష్య నక్షత్రం, అంటే మన పుష్యమి, వచ్చిన రోజున ఈ శాసనాన్ని అందరికీ వినిపించాలని, వినడానికి ఒక్కరే ఉన్నా చదవవచ్చని కూడా అందులో ఉంది.

పిల్లలకు విసుగు రాకుండా ఒక పని చెప్పండి. కూడిక గుర్తులా ఉన్న అక్షరాన్ని బండమీద వెతకమనండి. అది బ్రాహ్మీ లిపిలోని ‘క’, మన తెలుగు ‘క’కు మూలం. సున్నలా గుండ్రంగా కనిపించేది ‘ఠ’. ఇక్కడి ప్రాకృతంలో ‘ర’ పలికే చోట ‘ల’ పలుకుతుంది. రాజును ‘లాజా’ అని రాశారు. ఆ సంగతి చెబితే మా మనవడు ఇంటికొచ్చేదాకా ‘లాజా లాజా’ అంటూనే ఉన్నాడు. ఈ శాసనానికి 1850లో నకలు తీయించిన మద్రాసు ప్రభుత్వపు ఆంగ్ల అధికారి వాల్టర్ ఇలియట్, అంతకు ఐదేళ్ల ముందు అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేయించినవాడే.

కాబట్టి ప్యాకేజీకి డబ్బు కట్టేముందు, ఆ బండమీద ఏయే శాసనాలున్నాయో గైడును అడిగి చూడండి.

ప్రశ్న: తప్తపాణి దగ్గర అగ్నిపర్వతం ఏదైనా ఉందా? ఆ నీరు తాగవచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అగ్నిపర్వతం లేదు. కొండలమీద పడిన వాన నీరు రాతి పగుళ్లగుండా చాలా లోతుకు దిగుతుంది. భూమిలో కిలోమీటరు దిగేసరికి వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. అలా కాగిన నీరు మరో పగులు దొరికినప్పుడు, చల్లారేలోపే పైకి ఉబికి వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన గంధకపు వాయువుది. ఊట దగ్గర నీరు బాగా వేడిగా ఉంటుంది కనుక పిల్లల చేయి వదలకండి. స్నానానికి వేరే కొలనులోకి ఆ నీటిని మళ్లించారు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు కాళ్లు తడుపుకుంటే చాలు. తాగడానికి మాత్రం ఇంటినుంచి నీళ్లు తీసుకువెళ్లండి. సంతానం కోరే స్త్రీలు ఆ మడుగు అడుగు బురదలో గింజకోసం తడిమే ఆచారం ఉంది. అక్కడ ఎవరైనా మొక్కు తీర్చుకుంటుంటే ఫోటోలు తీయకుండా పక్కకు తప్పుకోవడం మర్యాద.

ప్రశ్న: పాండవుల లక్క ఇల్లు జౌగడలోనే ఉండేదని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఒడియాలో ‘జౌ’ అంటే లక్క. ‘జౌగడ’ అంటే లక్కకోట. మీ తాతగారి కథకు ఆధారం ఆ పేరే. అయితే భారతంలో లక్క ఇల్లు కట్టించినది వారణావతంలో. సొరంగంగుండా తప్పించుకున్న పాండవులు పడవలో దాటింది గంగను, ఋషికుల్యను కాదు. ఇక జౌగడలో ఈనాటికీ ఆనవాళ్లు నిలిచి ఉన్న ఆ కోటగోడ లక్కది కాదు, మట్టిది.