కాలనీ, పోలీసులు కలిసి పనిచేస్తే మొదట కేసులు పెరుగుతాయి, భయపడకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: స్టేషన్‌లో మీ కాలనీ సంఘాన్ని కూర్చోబెట్టి, వచ్చే ఏడాది పోలీసులూ మీరూ కలిసి సాధించాల్సిన లక్ష్యాలు రాసుకుందాం అన్నారు. అక్కడే చూపించిన లెక్కల్లో మాత్రం మీ పరిధిలో కేసులు పోయిన ఏడాదికన్నా పెరిగాయి. ఇన్ని మీటింగులు పెట్టుకున్నందుకు ఫలితం ఇదేనా, అసలు లక్ష్యంగా ఏం రాయాలి అని అడిగారు.

హైదరాబాద్ శివార్లలో మా కాలనీ సంఘానికి ఆరేళ్లు సెక్రటరీగా చేశాను. ఇలాంటి మీటింగులు పాతికకు పైనే చూశాను. అందులో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒక్కటే. 'నేరాలు ఇంత శాతం తగ్గాలి' అని మాత్రం లక్ష్యం రాయకండి. మేం రాశాం. దానివల్ల మా వాళ్లకే నష్టం జరిగింది.

మొదటి ఏడాది బోర్డు మీద 'దొంగతనాలు సగానికి తగ్గించాలి' అని రాస్తే అందరం చప్పట్లు కొట్టాం. నాలుగో నెలలో మా మూడో వీధిలో ఒకరింట్లో తాళం పగలగొట్టారు. వాళ్లు పెళ్లికి ఊరెళ్లి వచ్చేసరికి రెండు తులాల గొలుసు, బీరువాలో పెట్టిన డబ్బు పోయాయి. స్టేషన్‌కి వెళ్తే తెల్లకాగితం మీద ఫిర్యాదు రాయించుకుని, ముందు మీ బంధువుల్లో, పనివాళ్లలో విచారించుకోండి అని పంపేశారు. కేసు కట్టలేదు. మూడు వారాలు తిరిగాక నన్ను తోడు తీసుకెళ్లారు. అక్కడ ఒకాయన నన్ను పక్కకి పిలిచి, 'తగ్గాలని రాయించింది మీరే కదా సార్, కేసు కడితే పెరిగినట్టే కదా' అన్నారు. ఎగతాళిగా అనలేదు. పై నుంచి ఆయన మీదున్న ఒత్తిడినే చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఒత్తిడిలో కొంత మేం పెట్టిందే.

కేసు లేకపోతే క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు తీయదు. ఏడాది తర్వాత వేరే ఊళ్లో ఆ దొంగ దొరికి గొలుసు బయటపడినా, అది ఫలానా వాళ్లదని చెప్పే కాగితం ఎక్కడా ఉండదు. చివరికి పై అధికారికి రాతపూర్వకంగా పంపాకే ఎఫ్‌ఐఆర్ అయింది. అప్పటికి ఆ ఇంట్లో తాళం మార్చారు, గోడలకు రంగు వేశారు. తీయడానికి వేలిముద్రలేవీ మిగల్లేదు.

అందుకే మీ లక్ష్యాల్లో మొదటిదిగా నేను రాయమనేది, 'ఫిర్యాదు ఇచ్చిన ప్రతివారికీ అదే రోజు రసీదు, కేసు కట్టదగినదైతే ఎఫ్‌ఐఆర్ కాపీ' అని. ఇది మనం కొత్తగా కోరేదేమీ కాదు. విచారణార్హమైన (కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల) నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరులోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టంలో, 173వ సెక్షన్ చదవండి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి పంపవచ్చు, అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలని కూడా 193వ సెక్షన్‌లో ఉంది. మా కాలనీలో ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించాం. స్టేషన్ వాళ్లు కోపగిస్తారేమో అని కొందరు టెన్షన్ పడ్డారు కానీ, అప్పుడు కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం చదివి, అదే స్టేషన్ రిసెప్షన్‌లో కూడా పెట్టించారు.

ఇక కేసులు పెరగడం సంగతి. జాతీయ నేర గణాంక సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, తన వార్షిక నివేదికల్లో ఒక హెచ్చరిక పెడుతుంది. నేరాలు పెరగడం వేరు, పోలీసులు నమోదు చేసే కేసులు పెరగడం వేరు అని. తెలంగాణ సైబర్ నేరాల లెక్క చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఆ సంస్థ లెక్కల్లో 2020లో 5,024 కేసులు, 2021లో 10,303, 2022లో 15,297. 2022లో దేశం మొత్తం మీద నమోదైన 65,893 సైబర్ కేసుల్లో తెలంగాణదే అన్ని రాష్ట్రాలకన్నా పెద్ద సంఖ్య. మోసాలు నిజంగానే పెరిగాయి, అందులో అనుమానం లేదు. కానీ తెలంగాణ కన్నా ఎంతో పెద్ద రాష్ట్రాల్లో మోసాలు తక్కువ జరిగాయని దీన్నిబట్టి అనుకుంటే పొరపాటు. ఇక్కడ ఫిర్యాదులు కేసులుగా మారాయి, కొన్ని చోట్ల మారలేదు. ఆడవాళ్ల మీద వేధింపులను అడ్డుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ విషయంలోనూ అంతే. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో అవి మొదలయ్యాక, అంతకుముందు బస్టాపుల్లో వేధింపులను ఇంట్లో కూడా చెప్పుకోని ఆడపిల్లలు ఫిర్యాదు చేయడం మొదలుపెట్టారు. మా ఇంట్లో పిల్లే చేసింది. అంతకుముందు ఏడాది లెక్కలో ఆ వేధింపు లేదు. జరగక కాదు, చెప్పుకునే చోటు లేక.

లెక్కలు చూపించినప్పుడు ఇంకొకటి అడగండి, 2024కు ముందు అంకెలతో ఎలా పోల్చారని. అదే 2024 జులైలో ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చాక గొలుసు లాక్కెళ్లడం లాంటివి 304వ సెక్షన్ కింద ప్రత్యేక నేరం అయ్యాయి. అంతకుముందు అవి దొంగతనం, దోపిడీ లాంటి వేర్వేరు ఖాతాల్లో పడేవి. ఐదు వేల రూపాయలలోపు దొంగతనం ఇప్పుడు నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే దర్యాప్తు చేయరు. కాబట్టి చిన్న దొంగతనాలు తగ్గినట్టు, స్నాచింగులు ఒక్కసారిగా పుట్టుకొచ్చినట్టు కాగితం మీద కనిపించవచ్చు.

మరి పోలీసులతో కలిసి పనిచేయడంలో నిజంగా ఫలితం ఇచ్చినవి ఏవంటే, నా దృష్టిలో కెమెరాల కన్నా ముందు మనుషుల మధ్య పరిచయం. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2018 నాటిది. ఆ ఏడాది పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకి తెలంగాణలో అమాయకులను కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక్కో గ్రామానికి ఒక్కో పోలీసును కేటాయించి ఉన్నారు. వాళ్లలో ఒకరు, ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం పెందలాడే తలుపులు వేసుకుని లోపల పడుకుంటున్నారని గమనించి పై వాళ్లకి చెప్పారు. ఆరా తీస్తే పుకార్ల వీడియోలు బయటపడ్డాయి. డప్పు చాటింపులు, పాటలు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులే చేరడం, ఇలా నాలుగు వందల పైచిలుకు గ్రామాల్లో పనిచేశారు. అక్కడ ఆ పుకార్లకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఏ నేర లెక్కలోనూ ఈ ఫలితం కనిపించదు, జరగని నేరానికి కేసు ఉండదు కదా. ఊళ్లో జనం ఎక్కడ పడుకుంటారో తెలిసిన పోలీసు ఉండటమే అక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన పని.

మా దగ్గర దీన్ని చిన్న స్థాయిలో చేశాం. బీట్ కానిస్టేబుల్ పేరు, ఫోన్ నంబరు ప్రతి వీధిలో రాయించాం. ఆయన మారితే వారం లోపు కొత్తవారిని కాలనీకి తీసుకొచ్చి పరిచయం చేయాలని లక్ష్యం రాశాం. ఊరెళ్లేవాళ్లు ముందే చెబితే రాత్రి గస్తీలో ఆ ఇంటి మీద కన్నేసి ఉంచేవారు. ఇందులో పైసా ఖర్చు లేదు.

కెమెరాల మాటకొస్తే, జనం చందాలతో సీసీ కెమెరాలు పెట్టించే పోలీసుల కార్యక్రమం 'నేను సైతం' కింద మా కాలనీ కూడా చందాలు వేసుకుని ఇరవై రెండు పెట్టించింది. ఒక సాయంత్రం మా వీధి చివర ఒక పెద్దావిడ మెడలో గొలుసు లాగేశారు. ఆవిడ కింద పడి చెయ్యి విరిగింది. కెమెరాల రికార్డింగ్ ఉండే డీవీఆర్ తెరిచి చూస్తే పనిచేస్తున్నవి తొమ్మిదే, అందులోనూ గడియారం నలభై నిమిషాలు వెనక ఉంది. బండి నంబరు దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఆసుపత్రిలో ఆవిడ మొహం చూసి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అప్పటి నుంచి మా లక్ష్యం ఎన్ని కెమెరాలు పెట్టాం అన్నది కాదు, నెల మొదటి ఆదివారం చెక్ చేస్తే ఎన్ని పనిచేస్తున్నాయి అన్నది. చందా వసూలు చేసే ముందే మరమ్మతులకు వేరే ఖాతా పెట్టండి. మీ పక్కనున్న ఫంక్షన్ హాళ్లు, పెద్ద దుకాణాలను కూడా అడగండి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది, లేదా రోజుకు ఐదు వందల మంది వచ్చే చోట్ల కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 30 రోజులు ఉంచాలి. ఆ ఫుటేజీ ఎవరు చూడవచ్చు అన్నది కూడా రాసుకోండి. మా దగ్గర ఒకాయన పక్కింటి అమ్మాయి ఎప్పుడు వస్తోందో చూడ్డానికి డీవీఆర్ గదిలో కూర్చునేవాడు. ఆ గది తాళం తీసుకున్నాకగానీ అది ఆగలేదు.

సైబర్ మోసాలకు మాత్రం లక్ష్యం నిమిషాల్లో ఉండాలి. మా కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారు కేవైసీ పేరుతో వచ్చిన ఫోన్‌కి పొద్దున పదింటికి డబ్బు పోగొట్టుకుని, అవమానంతో రాత్రి దాకా కొడుక్కి కూడా చెప్పలేదు. ఒక్క రూపాయి తిరిగి రాలేదు. తర్వాతి ఏడాది ఇంకొకావిడ ఇరవై నిమిషాల్లో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. డబ్బు ఖాతాలు మారేలోపే అందులో చాలావరకు బ్యాంకు ఆపగలిగింది. ఇద్దరి మధ్య తేడా చదువు కాదు. ఆవిడ ఫ్రిజ్ మీద ఆ నంబరు అంటించి ఉంది, మేం పంచిన స్టిక్కరే. ప్రతి ఇంట్లో 1930 కనిపించాలి, మోసపోయినవాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదు. రెండోది సాధించడం కష్టం, కానీ అది లేకపోతే మొదటిది పనిచేయదు.

ఒక హద్దు కూడా గీసుకోండి. కలిసి పనిచేయడమంటే మనం సగం పోలీసులం కావడం కాదు. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మంచి ఉద్దేశంతో మొదలైన, పోలీసులకు సాయపడే వాలంటీర్ల బృందం 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్'ను 2020 జులైలో, సాత్తాన్‌కుళం స్టేషన్‌లో దెబ్బలు తిన్న తండ్రీకొడుకులు కస్టడీలో చనిపోయిన తర్వాత, ఆ రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. వాలంటీర్ల చేతికి లాఠీ, అడ్డగించే అధికారం వస్తే ఏం జరుగుతుందో నేనూ చూశాను. మా యువకులు నలుగురు రాత్రి గస్తీ పేరుతో ఒక డెలివరీ కుర్రాణ్ణి ఆపి ఫోన్ లాక్కున్నారు. అతను చేసిన తప్పు అడ్రసు వెతుక్కోవడమే. మర్నాడు నలుగురి చేతా క్షమాపణ చెప్పించి, గస్తీ ఆపేశాం. అనుమానం వస్తే 100కో 112కో ఫోన్ చేయడం వరకే మన పని. గ్రూపులో ఎవరి ఫొటో అయినా పెట్టి 'దొంగలా ఉన్నాడు' అని రాస్తే వెంటనే తీసేయాలని అడ్మిన్‌కి చెప్పండి.

అలాగే తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌ను కొన్నిసార్లు 'కమ్యూనిటీ కాంటాక్ట్' అని పిలుస్తారు. మా కాలనీ వెనకున్న బస్తీలో అది జరిగాక, మా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మీటింగులకు రావడం మానేశారు. వాళ్లకు తెలిసిన సంగతులు మాకెవరికీ తెలియవు. ఏ ఇల్లు ఎన్ని రోజుల నుంచి తాళం వేసి ఉందో, ఏ మలుపులో లైటు వెలగదో, ఏ ఇంట్లో కోడలి ఏడుపు వినిపిస్తోందో చెప్పగలిగేది వాళ్లే. తిరిగి రప్పించడానికి ఏడాదికి పైనే పట్టింది. మీటింగ్ టైము మధ్యాహ్నం మూడింటికి మార్చి, మహిళా ఎస్‌ఐ వచ్చి వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడితే అప్పుడు నోరు విప్పారు.

కాబట్టి వచ్చే మీటింగ్‌కి మీరూ ప్రెసిడెంట్ గారూ మాత్రమే వెళ్లకండి. వాచ్‌మన్‌ని, పనివాళ్లలో ఒకావిడని, అద్దెకుండే కుర్రాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లి, లక్ష్యాలు రాసే ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. రాసిన కాగితం మీద ఇన్‌స్పెక్టర్ సంతకంతో పాటు వాళ్ల సంతకాలూ ఉండాలి. మూడు నెలల తర్వాత ఆ కాగితమే బయటికి తీసి, ఎన్ని ఫిర్యాదులకు రసీదు ఇచ్చారు అన్న ప్రశ్నతో మీటింగ్ మొదలుపెట్టండి. రాసుకున్న లక్ష్యాలు ఇక్కడ పెడితే చూసి నాకు తోచింది చెబుతాను.