పెళ్లి అడ్డుతెర మీద ఎవరి బొమ్మ?

(మోడర్న్ ఆర్ట్, పెళ్లి అలంకరణల మీద వచ్చిన ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి మాఘంలో. మండపం వెనక నలభై అడుగుల ఫ్లెక్సు మీద తోట వైకుంఠం గారి బొమ్మలు, అవే పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్లవి, వేయిస్తామని డెకరేషన్ వాళ్లు అంటున్నారు. మా తమ్ముడేమో ఆ డబ్బుతో శ్రీకాళహస్తిలో కలంకారీ అడ్డుతెర రాయిద్దామంటాడు. ఏది నయం?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ తమ్ముడి మాటే నయమమ్మా. ఫ్లెక్సుతో మొదటి చిక్కు హక్కులది. మన చట్టం ప్రకారం చిత్రకారుడు ఉన్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు బొమ్మ మీద హక్కు ఆయనది, ఆయన వారసులది. అసలు బొమ్మ కొనుక్కున్నవాళ్లకైనా దాన్ని అచ్చు వేయించే హక్కు దానంతటది రాదు. అనుమతి తీసుకున్నారా అని డెకరేషన్ వాళ్లను అడిగి చూడండి.

రెండో చిక్కు లెక్కది. నలభై అడుగులంటే 480 అంగుళాలు. కాస్త దూరం నుంచి చూసేవాళ్లకు అంగుళానికి 40 చుక్కలున్నా చాలు, కానీ దానికే అడ్డంగా 19,200 పిక్సెళ్లు కావాలి. ఫోనుతో తీసిన ఫొటోలో మామూలుగా నాలుగు వేలుంటాయి. అంటే అంగుళానికి ఎనిమిది. ముందు వరసలో కూర్చున్న మేనమామకు ఆ బొట్టు గళ్లుగళ్లుగా కనబడుతుంది. పైగా ఫ్లెక్సు వీడియో లైట్లకు మెరుస్తుంది. తప్పదనుకుంటే మెరుపు లేని బట్ట మీద అచ్చు వేయించండి.

ఇవన్నీ సర్దుకున్నా అసలు ఇబ్బంది అలాగే ఉంటుంది. వైకుంఠం గారి బొమ్మలో ముదురు ఎరుపు, పసుపు, నలుపు నిండుగా ఉంటాయి. చూపు నేరుగా ఆ మొహం మీదికే పోతుంది. దాన్ని పెళ్లికూతురి వెనక నిలబెడితే ఫొటోల్లో జనం చూసేది మీ అమ్మాయిని కాదు.

అడ్డుతెర అలా కాదు. దానికి పెళ్లిలో ఒక పని ఉంది. దాన్ని రాయించేటప్పుడు ఆ పనే గుర్తుపెట్టుకోవాలి. పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకు ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల నిడివి సరిపోతుంది. ఇంతకన్నా పెద్దదైతే జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర పైనుంచి చేతులు అందవు. జరీ అంచు, అద్దాలు, పూసలు కుట్టించకండి. పట్టుకున్న ఇద్దరి మధ్య బరువుకు తెర జారి, ముహూర్తానికి ముందే మొహాలు కనబడిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒకే గుడ్డ మీద రాయించకండి. తెరకు రెండు పక్కలా మనుషులుంటారు కదా! పలచటి గుడ్డ అయితే బొమ్మ వెనక్కి తేలుతుంది. అప్పుడు తెర మధ్యలో రాసే స్వస్తిక్ ఒక పక్కవాళ్లకు సరిగ్గా, రెండో పక్కవాళ్లకు తిరగబడి కనిపిస్తుంది. రెండు గుడ్డలు విడివిడిగా రాయించి వీపులు కలిపి కుట్టిస్తే ఇద్దరికీ సరిగ్గా ఉంటుంది. వెనక లైటు పడినా నీడ అంతగా కనబడదు. స్వస్తిక్ కూడా రంగుతోనే రాయించండి. అప్పటికప్పుడు తడి కుంకుమతో వేస్తే అది పట్టుచీరకు అంటుకుంటుంది.

మాఘంలో పెళ్లయితే దసరా లోపే చెప్పాలి. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్లే కలంతో గీసిన గీత పక్కకు పాకదు. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు నానబెట్టిన ద్రావణం, కసిమి అంటారు, వాడతారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఉతికి, రంగు చెక్కలతో కలిపి ఉడికిస్తారు. ఆ ఉతుకు పారే నీళ్లలో సరిగ్గా జరగకపోతే పటిక తెల్లటి చోట్లకు పాకి, ఉడికాక అక్కడ గులాబీ మరకలు తేలతాయి. గుడ్డ తీసుకునేటప్పుడు ముందు చూడవలసింది తెల్లటి భాగాల్నే. పాల వాసన మిగిలి ఉంటే మళ్లీ ఒకసారి ఉతికి నీడన ఆరబెట్టండి.

బొమ్మల సంగతికొస్తే, సీతారామ కల్యాణం మొత్తం గీయించాలని పట్టుపట్టకండి. అంచుల్లో తీగ, మధ్యలో స్వస్తిక్, మిగతాదంతా ఖాళీ. చుట్టూ ఖాళీ ఉంటేనే ఆ గుర్తు కంటికి ఆనుతుంది.

ప్రశ్న: భారతీ ఖేర్ ఏనుగు మీద బిందీలు, రజా గారి బిందువు, వైకుంఠం గారి బొట్టు, ఈ మూడూ ఒకటేనా?
- ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: గుండ్రంగా ఉన్నవన్నీ బొట్లు కావు. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా 1980 ప్రాంతం నుంచి గీసిన నల్లటి బిందువుకు నుదుటితో పనిలేదు. అది బీజం, చూపును ఒకచోట నిలిపే స్థానం. ఆ దారి తెలుగులో చూడాలంటే పి.టి. రెడ్డి తాంత్రిక చిత్రాలు వెతకండి. ఆయన్ని పట్టించుకోవలసినంత పట్టించుకోలేదు మనం. వైకుంఠం గారి బొట్టు మాత్రం ఫలానా ఊరి ఆడమనిషి బొట్టే. ఆయన పుట్టింది కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో. ఆ చీరా, ఆ కొప్పూ, ఆ బొట్టూ అక్కడివే.

శిల్పాలు చేసే భారతీ ఖేర్ ఇంకో పని చేశారు. 2006లో నేలకు ఒరిగిన ఫైబర్‌గ్లాస్ ఏనుగు ఒళ్లంతా బజారులో దొరికే తోకచుక్కలాంటి బిందీలు అతికించారు. ఒక్క నుదుటి మీద ఉండవలసింది వేలకొద్దీ పడేసరికి అది చర్మమైపోయింది. 2010లో లండన్ వేలంలో పది లక్షల పౌండ్లకు కాస్త తక్కువగా అమ్ముడైంది. ఇలాంటి పని చూసినప్పుడు మూడు విషయాలు రాసుకోండి: వస్తువు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది, దాని మామూలు పని నుంచి ఎంత దూరం జరిగింది. అర్థం కోసం పక్కన అంటించిన చీటీ ఆ తర్వాత చదవొచ్చు.

ప్రశ్న: సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలతో చేసిన పుర్రె ఫొటో చూసి, మా రిసెప్షన్‌లో ఇంట్లో ఉన్న స్టీలు సామానుతో గోడ కట్టాలని ఉంది. అత్తగారు నవ్వుతున్నారు. కుదురుతుందా?
- రాజమండ్రి

జవాబు: కుదురుతుంది. ఆ పుర్రె 2006 నాటిది. కింద పేరు, పెళ్లి తేదీ చెక్కించిన స్టీలు బిందెలు కానుకలుగా అందుకున్న తరం మీ అత్తగారిది. ఆమెకు అది ఆర్టు కాదు, అటక మీది సామాను. గోడ సరిగ్గా కడితే ఆవిడే ముందు గుర్తుపడతారు.

చిన్న గ్లాసు వంద గ్రాములనుకుంటే మూడొందల గ్లాసులు ముప్పై కిలోలు. బిందెలు కలిపితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి పూల తెరలు కట్టే పలచటి చట్రం పనికిరాదు. ఇనుప చట్రం, దానికి వెల్డింగు జాలీ ఉండాలి. కాళ్ల మీద ఇసుక బస్తాలు వేయించండి. గిన్నెలకు రంధ్రాలు వేయనివ్వకండి, మళ్లీ వంటింటికి పనికిరావు. అంచు మడత కింద బైండింగ్ వైరు చుట్టి కట్టాలి, మొనలు వెనక్కి వంచాలి. బరువైనవి కింద, గ్లాసులు పైన. ఎదురుగా తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఫొటోగ్రాఫరు తన కెమెరానే ఫొటో తీసుకున్నట్టుంటుంది. పక్కల నుంచి పసుపు కాంతి పడేలా చూడండి. గిన్నెల అడుగులు, అదే పేర్లున్న వైపు, జనానికి కనబడాలి.

ప్రశ్న: తలంబ్రాల్లో రంగు థర్మోకోల్ బంతులు, తళుకులు కలుపుతున్నారు. వద్దనాలా?
- నిజామాబాద్

జవాబు: అనండి. థర్మోకోల్ బంతులు పట్టుకు, జుట్టుకు అంటుకుంటే దులిపినా పోవు. హోమగుండంలో పడితే కరిగి నల్లటి పొగ వస్తుంది. తళుకులు కళ్లలో పడతాయి. రంగు ఉండకూడదని కాదు. భద్రాచలంలో తలంబ్రాల్లో గులాల్, ముత్యాలు ఉంటాయి. ఇంట్లో అయితే విరగని బియ్యం రెండు కిలోలకు పసుపు రెండు చెంచాలు, కరిగించిన నెయ్యి మూడు చెంచాలు చాలు. ముందు నెయ్యి పట్టించి తర్వాత పసుపు చల్లాలి. నీళ్లతో కలిపితే గింజలు ముద్దకట్టి, పసుపు తెల్ల మధుపర్కాలకు మరకవుతుంది. ముత్యాలు వేయాలనుకుంటే గుప్పెడు చాలు, అవి కూడా పైన చల్లండి. అడుగున వేస్తే బిందె ఖాళీ అయ్యేదాకా ఎవరి చేతికీ రావు.