టెక్ సందేహాలు: అటక మీది ఆక్సిజన్ మెషిన్ మళ్లీ దించొచ్చా?

ప్రశ్న: 2021లో కోవిడ్ సెకండ్ వేవ్ టెన్షన్‌లో 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ కొన్నాం. అప్పట్నుంచీ అటక మీదే ఉంది. ఇప్పుడు సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న నాన్నగారికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టమన్నారు డాక్టరుగారు. పాతదే వాడొచ్చా? ఇన్వర్టర్ మీద నడుస్తుందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: దించండి, కానీ పరీక్ష చేయించకుండా నాన్నగారికి పెట్టకండి. ఈ మెషిన్ గదిలోని గాలినే లాక్కుని, లోపలున్న జియోలైట్ గుళికలతో నత్రజనిని పట్టేసి, మిగిలిన ఆక్సిజన్‌ను పంపుతుంది. జియోలైట్‌కి తేమ పడదు. మీ గోదావరి ఉక్కలో ఏళ్ల తరబడి పడి ఉన్న మెషిన్‌లో దాని పస తగ్గిపోయి ఉండొచ్చు. చిక్కేమిటంటే, అప్పుడు కూడా మోటారు మామూలుగానే మోగుతుంది, సీసాలో బుడగలూ వస్తాయి. బయటికొచ్చే ఆక్సిజన్ మాత్రం ఉండాల్సిన 90–95 శాతం ఉండదు. సర్వీసు మెకానిక్‌ని ఆక్సిజన్ ఎనలైజర్ తెచ్చి కొలవమనండి. ఫిల్టర్లు, నీళ్ల సీసా, ముక్కు గొట్టం కొత్తవి వేయించండి.

ఎన్ని లీటర్లు పెట్టాలో డాక్టరు రాసినంతే. సీఓపీడీలో ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మగతలోకి జారిపోవచ్చు. దేవుడి గదిలో దీపం, అగరొత్తులకు మెషిన్‌ని దూరంగా ఉంచండి.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దై ఉండాలి. 5 లీటర్ల మెషిన్ దాదాపు 300–400 వాట్లు లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే మూడు గంటలో, కాస్త ఎక్కువో వస్తుంది. మీ ఊళ్లో కోతలు అంతకు మించితే చిన్న సిలిండర్ ఒకటి పక్కన పెట్టుకోండి.

కోవిడ్ రోజుల్లో చాలామంది ఈ మెషిన్ ఇంట్లో ఉంటే ఐసీయూ ఉన్నట్టే అనుకున్నారు. ఇది ఇచ్చేది నిమిషానికి 5 లీటర్లే. ఐసీయూలో హై ఫ్లో (ముక్కు గొట్టంతో ధారగా ఆక్సిజన్ ఇచ్చే పద్ధతి) పెట్టిన ఒక్క రోగికే నిమిషానికి 60 లీటర్ల దాకా పోతుంది. పది మందికి పెడితే పైపులైన్‌లో ప్రెషర్ పడిపోయే ప్రమాదం. అందుకే ఆసుపత్రులు ద్రవ ఆక్సిజన్ ట్యాంకుల కోసం పరుగులు పెట్టాయి. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 860 లీటర్ల వాయువు వస్తుంది మరి. 2021 ఏప్రిల్ 22న ద్రవ ఆక్సిజన్ నింపుకున్న మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు బయల్దేరింది మన విశాఖ ఉక్కు నుంచే, ఏడు ట్యాంకర్లతో మహారాష్ట్రకు. ఇంకోపక్క వార్డుల్లో మెలకువగా ఉన్న రోగులను బోర్లా పడుకోబెట్టి, ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి అందేలా చూశారు. దానికి ఏ మెషినూ అక్కర్లేదు.

ప్రశ్న: స్మార్ట్‌వాచ్‌లో ఆక్సిజన్ 91, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 97. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేలిదే. ఎరుపు, పరారుణ కాంతులు వేలిని దాటి అవతలికి వస్తాయి. ఏ కాంతి ఎంత దాటిందన్న లెక్కతోనే ఆక్సిజన్ కొలిచే పద్ధతిని 1974లో జపాన్ ఇంజినీర్ టకువో అయొయాగి రూపొందించారు. వాచ్‌కి మణికట్టు నుంచి వెనక్కి తిరిగొచ్చే కాంతే ఆధారం. పట్టీ వదులైనా, చెయ్యి కదిలినా అంకె తప్పుతుంది. అలాగని వేలిదీ దైవవాక్కు కాదు. చల్లటి చేతులు, ముదురు నెయిల్ పాలిష్, నల్ల మెహందీ దాన్నీ బోల్తా కొట్టిస్తాయి. నల్లటి చర్మం ఉన్నవారిలో ఆక్సిజన్ పడిపోయినా మీటర్ బాగానే చూపించడం ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. అంకె బాగున్నా ఆయాసంగా ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: ఈ-సంజీవనిలో (ఫోన్‌లోనే డాక్టరును చూపించే ప్రభుత్వ యాప్) డాక్టరుగారు అమ్మకి షుగర్ మందులు రాశారు గానీ, ఆందోళనకు వేసుకునే ఆల్‌ప్రజోలమ్ రాయనన్నారు. యాప్‌లో ఏదైనా సెట్టింగ్ మార్చాలా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: సెట్టింగ్ కాదండీ, రూల్. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ (ఫోన్, వీడియోల్లో వైద్యం) మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపీలు మూతబడ్డ ఆ రోజుల్లో డాక్టర్లు ఫోన్‌లో ధైర్యంగా మందులు రాయగలిగింది వాటివల్లే. అయితే మత్తుమందుల చట్టం కిందికొచ్చే వాటిని ఫోన్, వీడియో మీద రాయకూడదని అందులోనే ఉంది. ఆల్‌ప్రజోలమ్ ఆ జాబితాలోదే. దాని కోసం అమ్మను నేరుగా తీసుకెళ్లాల్సిందే. షుగర్ మందులకు మాత్రం ఆ ఈ-ప్రిస్క్రిప్షన్ డౌన్‌లోడ్ చేసుకుని షాపులో చూపిస్తే చాలు.