నీలి కాంతి వేయకముందే క్రై2 ప్రోటీన్ కణపొర మీదకు చేరిపోతోంది. ప్లాస్మిడ్‌లో (కణంలోకి పంపే డీఎన్ఏ వలయంలో) తప్పుందా?

ప్లాస్మిడ్‌ను అప్పుడే అనుమానించకండి. నేనూ సరిగ్గా ఇలాగే అనుకుని రెండు నెలలు క్లోనింగ్ మళ్లీ మళ్లీ చేశాను. సీక్వెన్సింగ్ చేయించిన ప్రతిసారీ అంతా సరిగ్గానే ఉండేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పేమో మైక్రోస్కోప్ దగ్గర నా చేతిలోనే ఉంది.

క్రై2 అంటే అరబిడాప్సిస్ మొక్క నీలి కాంతిని పసిగట్టే ప్రోటీన్. వెలుగు తగలగానే సిఐబి1 అనే మరో మొక్క ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. 2010లో ఈ జంటను జంతుకణాల్లో పనిచేయించినప్పుడు పొర మీదుండే సిఐబి ముక్కకు జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్), క్రై2కు ఎమ్‌చెర్రీ (ఎర్రగా మెరిసేది) తగిలించారు. మీవీ బహుశా అలాంటి ప్లాస్మిడ్లే అయ్యుంటాయి. చిక్కంతా అక్కడే: జీఎఫ్‌పీని చూడటానికి వేసే 488 నానోమీటర్ల నీలి లేజరే క్రై2నూ తట్టి లేపుతుంది. నేనేమో ఐపీస్‌లో పచ్చగా మెరిసే కణాలను తీరిగ్గా వెతుక్కుని, ఆ తర్వాత తీసిన ఫొటోకి 'చీకటి' అని పేరు పెట్టేవాణ్ని!

కాబట్టి కణాలను ఎరుపులోనే వెతకండి. 561 నానోమీటర్ల లేజర్‌తో ఎమ్‌చెర్రీ ఫొటోలన్నీ తీశాక, చిట్టచివర జీఎఫ్‌పీ. మామూలు బ్రైట్‌ఫీల్డ్ దీపంలోనూ నీలం ఉంటుంది, దాని ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టండి. ట్రాన్స్‌ఫెక్షన్ (కణాల్లోకి డీఎన్ఏ పంపడం) అయిన దగ్గర్నుంచి డిష్‌కి అల్యూమినియం ఫాయిల్, గదిలో ఎర్ర బల్బు. ఫోన్ బయటే వదిలేయండి (ఇది మా జూనియర్ నేర్పిన పాఠం, టార్చ్ వేసుకుని పిపెట్ టిప్ వెతికాడు).

పొరపాటున వెలుగు పడితే డిష్ పారేయకండి. సుమారు 5 నిమిషాల్లో క్రై2-సిఐబి జంటల్లో సగం విడిపోతాయి. నేనైతే అరగంట చీకట్లో ఉంచి మళ్లీ చూస్తాను.

క్రై2 బదులు ఫైటోక్రోమ్‌కు (ఎర్ర కాంతిని పసిగట్టే మొక్క ప్రోటీన్‌కు) మారిపొమ్మని ఎవరైనా చెప్తే తొందరపడొద్దు. దానికి పీసీబీ అనే రంగుపదార్థం కావాలి, జంతుకణాలు దాన్ని తయారుచేసుకోవు, మనమే కలపాలి. క్రై2 వెలుగును పట్టడానికి కావలసిన ఎఫ్‌ఏడీ అనే చిన్న అణువు కణాల్లో ఎలాగూ ఉంటుంది.

పోల్చుకోవడానికి పక్కనే ఒక డిష్‌లో డి387ఏ అనే మార్పున్న క్రై2 పెట్టుకోండి, దానికి వెలుగు తెలియదు. నిజమైన చీకట్లో కూడా మీ ప్రోటీన్ పొర మీదే ఉంటే, అది కణాల్లో మరీ ఎక్కువై ఉండొచ్చు, డీఎన్ఏ మోతాదు తగ్గించండి. బాగా మెరిసే కణాలను వదిలేసి, మసకగా ఉన్నవాటినే ఎంచుకోండి.