అమెరికా అంతర్యుద్ధంలో బాప్టిస్టులు ఎటువైపు ఉన్నారు?

బాప్టిస్టులు ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ, వాళ్లు రెండు వైపులా ఉన్నారు. వాళ్లలో చీలిక యుద్ధం (1861–65) కన్నా ముందే, 1845లోనే వచ్చేసింది. బానిసల యజమానిని మిషనరీగా పంపొచ్చా అన్న గొడవతో దక్షిణాది వాళ్లు విడిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు, యుద్ధం రాగానే అది దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ప్రభుత్వానికే మద్దతిచ్చింది.

సైనిక శిబిరాల్లో మాత్రం భక్తి బాగా పెరిగింది. 1863లో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ సైన్యంలో ఉజ్జీవ కూటాలు (భక్తిని రగిలించే ప్రార్థన సభలు) జోరుగా జరిగాయి, బాప్టిస్టులకు నీళ్లు చిలకరిస్తే సరిపోదు, మనిషి నిండా మునగాలి, అందుకని సైనికులు నదుల్లోకి దిగి బాప్తిస్మం తీసుకునేవాళ్లు.

నన్ను ఎక్కువగా కదిలించేది వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి కథ. సంఘంలో ఉన్నది నల్లజాతి వాళ్లు, వాళ్లలో ఎందరో బానిసలు, అయినా నల్లవాళ్లు ప్రసంగించకూడదని వర్జీనియా చట్టం కాబట్టి 1841 నుంచి పాస్టర్ తెల్లాయన, రాబర్ట్ రైలాండ్. యుద్ధం ముగిశాక ఆయన తప్పుకున్నారు, 1867లో ఒకప్పుడు బానిసగా బతికిన జేమ్స్ హోమ్స్ అదే సంఘానికి పాస్టర్ అయ్యారు. దక్షిణాదిలో చాలాచోట్ల నల్లజాతి బాప్టిస్టులు ఇలాగే సొంత సంఘాలు కట్టుకున్నారు.

అన్నట్టు, మన ఒంగోలులో మిషనరీగా పనిచేసిన జాన్ క్లౌ ఉత్తరాది బాప్టిస్టు, యుద్ధం ఇంకా నడుస్తుండగానే 1864 చివర్లో ఇటు ఓడెక్కారు.