మీ నాన్నకి ఉన్నట్టుండి తలనొప్పి వస్తే

చి. రమేష్‌కి దొడ్డమ్మ ఆశీస్సులు.

మెడకి దెబ్బ తగిలిన నాన్నని ఆస్పత్రి నుంచి గాజువాక ఇంటికి తెచ్చేశారని అమ్మ ఫోన్ చేసింది. కాళ్లు ఎప్పుడు కదులుతాయా అని మీ అందరికీ బెంగ. నర్సుగా అన్నేళ్లు వార్డుల్లో తిరిగిన నాకు మాత్రం ఆయన బీపీ గురించే టెన్షన్.

మెడ దగ్గర వెన్నుపాముకి దెబ్బ తగిలితే పోయేది నడక ఒక్కటే కాదు. రక్తనాళాలు బిగించడం, చెమట పట్టించడం మన ప్రమేయం లేకుండా జరిగే పనులు. అవి చేయించే నరాల కణాలు వెన్నుపాములో ఛాతీ భాగం నుంచి నడుము పైభాగం దాకా ఉంటాయి. నాన్నకి ఆ కణాలు చావలేదు, మెదడు అదుపు తప్పాయంతే. పెద్దవాళ్లు ఊరెళ్లిన ఇంట్లో పిల్లల్లా అన్నమాట. మూత్రాశయం నిండిందని కబురు అందితే చాలు, ఒక్కసారిగా రక్తనాళాల్ని బిగించేస్తాయి. బీపీ చర్రున లేస్తుంది. మెదడు తన నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గిస్తుంది, కానీ దెబ్బ తగిలిన చోటు దాటి కిందికి దాని మాట చేరదు. అందుకే తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, కాళ్లేమో చల్లగా రోమాలు నిక్కబొడుచుకుని ఉంటాయి. దీన్నే డాక్టర్లు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు.

అలా అయితే పడుకోబెట్టకు. నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడనియ్యి. లుంగీ ముడి, బెల్టు వదులు చెయ్యి. వెంటనే యూరిన్ ట్యూబు చూడు. తొడ కింద నలిగో, సంచి నిండిపోయో ఉంటుంది, చాలాసార్లు అదే కారణం. పొత్తికడుపు మాత్రం నొక్కకు, బీపీ ఇంకా పెరుగుతుంది. ట్యూబు బాగుంటే మలబద్ధకం, వీపు మీద పుండు, లోపలికి పెరిగిన గోరు కూడా చూసుకో. రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తుండు. కారణం దొరక్కపోయినా, పై బీపీ 150 దాటినా 108కి ఫోన్ చెయ్యి.

ఇంకో సంగతి. మెడ దెబ్బ తగిలినవాళ్లకి పై బీపీ మామూలుగానే 90, 100 దగ్గర ఉంటుంది. అలాంటి మనిషికి 130 అంటే ఎక్కువే. తెలియనివాళ్లు 'నార్మలే కదా' అని పంపించేస్తారు. నాన్న మామూలు బీపీ ఎంతో, ఈ జబ్బు పేరేమిటో ఒక కాగితం మీద రాసి ఆస్పత్రి ఫైల్లో పైనే పెట్టు. నాన్న మొండి మనిషి, తలనొప్పి ఉన్నా చెప్పడు. నువ్వే ముఖం చూసి కనిపెట్టాలి.

పొద్దున్న లేపేటప్పుడు దీనికి రివర్సు, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మెల్లగా లేపు.

మన వైజాగ్ ఉక్క సంగతి తెలిసిందే. దెబ్బ కింద ఆయనకి చెమట సరిగ్గా పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. తడిగుడ్డతో తుడిచి ఫ్యాను వెయ్యి. బీచ్ రోడ్డుకి తీసుకెళ్తానన్నావట, ఎండ తగ్గాక వెళ్లండి, బయల్దేరే ముందు సంచి ఖాళీ చెయ్యి.

బీపీ మెషీన్ లేకపోతే చెప్పు, నా దగ్గరున్నది పంపిస్తాను.

మీ దొడ్డమ్మ